మధ్య పొర

బాపట్లలో పొద్దున ఏడుంబావు ప్యాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నరలోపు తెనాలిలో దిగేదాన్ని. స్టేషను బయట షేర్ ఆటో. వేమూరు వెళ్ళే రోడ్డులో ఊరు దాటాక, కాలవ పక్కన, మూతపడిన రైసు మిల్లు ఒకటి ఉంది. దాని రేకుల షెడ్డులోనే మా యూనిట్. నాలుగేళ్ళు అలా తిరిగాను. గోడల్లో ఇంకా ఊక వాసన వచ్చేది. ఎండాకాలం రేకులు సాగి టక్‌టక్‌మని చప్పుడు చేసేవి. కుట్టుమిషన్ల దగ్గర ఇరవైమంది ఆడవాళ్ళు, వాళ్ళ కబుర్లు, మధ్యాహ్నం పచ్చడి అన్నాల ఘాటు. భయపడాల్సింది ఏముంది అక్కడ?

నా పేరు కరుణశ్రీ. గుడ్డ పరీక్ష చేసి సంతకం పెట్టడం నా ఉద్యోగం.

మేము కుట్టేది మామూలు గుడ్డ కాదు. మూడు పొరలు. పైన మంటకి త్వరగా అంటుకోని గుడ్డ. అడుగున ఒంటికి తగిలే మెత్తటి నూలు. ఈ రెండింటి నడుమ, కంటికి కనపడకుండా, సన్నటి ఉక్కు పోగులూ వెండి పూత పోగులూ కలిపి నేసిన వలలాంటి గుడ్డ. దాన్ని అందరం 'మధ్య పొర' అనేవాళ్ళం. పిడుగు కారు మీద పడినా లోపలున్నవాళ్ళకి ఏమీ కాదంటారు చూడండి, ఇదీ అలాంటిదే. చుట్టూ లోహం ఉంటే కరెంటు దాని మీదుగానే జారిపోతుంది, లోపలి మనిషి జోలికి రాదు.

ఎదురుగా సెల్ టవర్ ఉందని బెంగపడేవాళ్ళకి కిటికీ తెరలు, కడుపుతో ఉన్నవాళ్ళకి ఏప్రన్లు కుట్టేవాళ్ళం. వాటి వల్ల ఎంత మేలో నాకు తెలియదు. మనసు కుదుటపడితే పడుతుందేమో. కానీ కిందటి వేసవిలో వచ్చిన ఆర్డరు అలాంటిది కాదు. పెద్ద టవర్ లైన్ల మీద పనిచేసే కాంట్రాక్టు కుర్రాళ్ళకి పన్నెండు సూట్లు. తల మీద ముసుగు, చేతులకి తొడుగులు, కాళ్ళకి మేజోళ్ళు, అన్నీ ఆ మూడు పొరల గుడ్డతోనే. టవరుకి ఒక పక్క లైను ఆపి పనిచేస్తున్నా, రెండో పక్క లైన్లో కరెంటు పోతూనే ఉంటుంది. అది గాలిలోంచే ఆపిన తీగలోకి పాకుతుంది. ఆ తీగని ముట్టుకునే మనిషికీ చావుకీ మధ్య ఉండేది ఆ పొరే.

యజమాని రవిశంకర్ గారు మాట నెమ్మది మనిషి. నన్ను ఎప్పుడూ "అమ్మా కరుణా" అనే పిలిచేవారు. జూలైలో ఆయన ఒక కొత్త తాను తెచ్చి నా బల్ల మీద పెట్టారు. వెండిలా మెరుస్తోంది. మీటరు రెండు సూదులూ దానికి ఆనించాను. మంచి గుడ్డయితే మీటరు కీచుమనాలి. అది పలకలేదు. ఇంకోచోట పెట్టాను. అప్పుడూ పలకలేదు. గోటితో గీకితే మెరుపు పొడిలా రాలింది. ఇంటి పరదాలకి వాడే మామూలు రంగు పూత గుడ్డ అది.

"సార్, ఇందులో లోహం లేదండి."

"పై నుంచి అసలు సరుకు రావడానికి నెల పడుతుందంట. వాళ్ళేమో ఈ వారమే అంటున్నారు. పాత సరుకు ముక్క ఉందిగా, దానికి మీటరు పెట్టి రాసెయ్. ఆపిన లైను మీదేగా పని. ఏమీ కాదు."

పాత ముక్క తీసి మీటరు పెట్టాను. అది కీచుమంది. పన్నెండు కాగితాల మీద సంతకం పెట్టాను.

నన్ను ఎవరూ బెదిరించలేదు. అది ముందే చెప్పెయ్యాలి.

ఆ సూట్లు కుట్టింది లిడియా. రేపల్లె దగ్గర పల్లె నుంచి రైల్లో వచ్చేది. రెండేళ్ళ కిందట చర్చిలో పరిచయమైతే నేనే పనిలో పెట్టించాను. నన్ను "అక్కా" అనేది. మిషను మీద దానంత చేయి తిరిగిన పిల్ల ఆ షెడ్డులో ఇంకొకతె లేదు. మూడో సూటు కుడుతూ లేచి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఈ తాను వేరేనా?"

"ఏం?"

"సూది మెత్తగా దిగిపోతోందక్కా. మామూలుగా మన గుడ్డలో కరకరమంటుంది కదా, రోజుకి రెండు సూదులు మొద్దుబారతాయి. దీంట్లో నిన్నటి సూది ఇంకా అలాగే ఉంది."

"పరీక్ష చేశాన్లేమ్మా. కొత్త రకం."

అది నా మొహంలోకి చూసి, తల ఊపి వెళ్ళిపోయింది.

కొలతలు సరిచూడ్డానికి రమ్మంటే ఆ సాయంత్రం వాళ్ళాయన వచ్చాడు. జీవన్ కుమార్. ఆ పన్నెండుమందిలో అతనూ ఒకడు. పొడుగ్గా, సిగ్గుగా ఉండేవాడు. సూటు తొడుక్కుని, ముసుగు లాక్కుని, భార్య ముందు అటూ ఇటూ తిరిగాడు. ఆడవాళ్ళంతా నవ్వారు. అతను నా బల్ల దగ్గర ఆగాడు.

"మేడంగారండీ, ఇది మంచిదేనాండి?"

లిడియా మిషను ఆపింది.

"మంచిదే బాబూ. నేనే చూశాను" అన్నాను.

సెప్టెంబరులో, రేపల్లె వైపు పొలాల్లో, టవరు మీద జీవన్ కుమార్ కుడి చేత్తో తీగ పట్టుకున్నాడు. అంతే. నడుముకి కట్టుకున్న బెల్టు అతన్ని కింద పడనివ్వలేదు. అలాగే వేలాడాడు. రెండో పక్క లైను కూడా ఆపితే తప్ప ఎవరూ పైకి వెళ్ళడానికి లేదు. ఆపించడానికి నలభై నిమిషాలు పట్టింది. కింద కలుపు తీస్తున్న ఆడవాళ్ళు ఆ నలభై నిమిషాలూ చూస్తూ నిలబడ్డారు. అంత్యక్రియల రోజు వాళ్ళలో ఒకామె నా పక్కన నిలబడి చెప్పింది. "అరవలేదమ్మా. అరిస్తే బాగుండును. జుమ్మని ఒకటే చప్పుడు, తేనెపట్టు కదిపినట్టు. ఆ చప్పుడులోంచే మధ్యమధ్య ఏదో అడుగుతున్నట్టుండేది. ఏం అడిగాడో మాకు అందలేదు."

విచారణకి నన్ను పిలిచారు. సూటులో లోపం లేదని, చేతి తొడుగుని చొక్కా చేతికి కలిపే గుండీ అతను పెట్టుకుని ఉండడని చెప్పాను. కాగితాలు చూపించాను. అలాగే రాసుకుని, సూటుకి సీలు వేసి స్టేషన్లో పెట్టారు. తప్పు చచ్చిపోయినవాడిదయింది.

అంత్యక్రియల రోజే, సమాధుల తోటలో రవిశంకర్ గారు లిడియా దగ్గరికెళ్ళి, ఏ సాయం కావాలన్నా అడగమ్మా అన్నారు. అది ఏడవడంలేదు. ఆయన చొక్కా వంక చూస్తోంది.

"ఏమీ వద్దండి. ఆ సూటు ఒక్కసారి మీరు తొడుక్కోండి చాలు" అంది.

తర్వాత అది పనిలోకి రాలేదు.

నవంబరు చివర్లో తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర్లోనే తీరం దాటుతుందని రెండు రోజులుగా మైకుల్లో చెబుతున్నారు. బళ్ళకి సెలవు. రైళ్ళు ఆపేశారు. ముందుజాగ్రత్తగా పొద్దున్నే అన్ని ఊళ్ళకీ కరెంటు తీసేశారు. పదకొండింటికి మా గుమ్మం ముందు కారు ఆగింది. రవిశంకర్ గారు. తడిసిన గొడుగు ముడుస్తూ గుమ్మంలోనే నిలబడ్డారు.

"అమ్మా కరుణా, ఒక్కసారి రావాలి. లిడియా మళ్ళీ అర్జీ పెట్టింది. తుపాను తగ్గగానే ఎవరో పెద్దాఫీసరు వచ్చి మన షెడ్డులో గుడ్డ ముక్కలు తీసుకెళ్తాడంట. ఆ తాను ఇంకా అక్కడే ఉంది. కుర్రాళ్ళు రాక్‌లన్నీ సర్దేశారు, ఏది ఏదో నాకు తెలియట్లేదు. నువ్వు మీటరు పెట్టి చూపించు. ఇవ్వాళే కాల్చేద్దాం. మిగిలిన సూట్లు కూడా వెనక్కి తెప్పించాను."

మా ఆయన శ్యామ్ "ఈ వానలోనా?" అన్నాడు. మా అమ్మాయి కెజియా నా కొంగు పట్టుకుంది. దానికి ఏడేళ్ళు. సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పి కారెక్కాను. ఆ తానులో కాలేది ఆయన తప్పు ఒక్కటే కాదు. నాది కూడా.

దారిపొడుగునా చెట్లు పడి ఉన్నాయి. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకునుంది. షెడ్డు చేరేసరికి మూడయింది గానీ మబ్బుకి దీపాలు పెట్టే వేళలా ఉంది. వాచ్‌మన్ని పొద్దున్నే ఇంటికి పంపేశారట. తాళం తీసి లోపలికెళ్ళి తలుపు మూసుకున్నాం. రేకుల మీద వాన కంకర పోస్తున్నట్టు కురుస్తోంది. ఫోన్లలో సిగ్నల్ కూడా లేదు. తెనాలి మొత్తం చీకటి.

ఆయన టార్చి పట్టుకున్నారు. బ్యాటరీతో నడిచే మీటరు నా మెడలో ఉంది. రాక్ వెంట రాక్ తానులకి సూదులు ఆనిస్తూ వెళ్ళాను. కీచు. కీచు. కీచు. నాలుగో వరసలో కింద, తెరల గుడ్డల వెనక, ఒక తాను పలకలేదు.

"ఇదేనండి."

ఆయన టార్చి నాకిచ్చి, తానుని భుజానికెత్తుకున్నారు. తలుపు వైపు రెండడుగులు వేశారు.

మీటరు కీచుమంది.

సూదులు దేనికీ ఆనలేదు. నా మెడ నుంచి వేలాడుతున్నాయి, రెండింటికీ మధ్య జానెడు ఖాళీ. మీటరు మెడలోంచి తీసి కింద పెట్టి ఆఫ్ చేశాను. చేసినా కీచుమంటూనే ఉంది.

"ఆపవమ్మా దాన్ని."

"ఆపేశానండి."

అప్పుడు వాసన వచ్చింది. దగ్గర్లో పిడుగు పడ్డాక ముక్కుకి తగిలే పచ్చి వాసన. దాని వెనకే ఇంకోటి, మాడిన నూలుదీ, మాడిన వెంట్రుకలదీ. చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. వాన చప్పుడు అంత ఉన్నా, దాని అడుగునుంచి ఇంకో చప్పుడు మెల్లగా పైకి వచ్చింది.

జుమ్మ్‌మ్...

నేను ఆ చప్పుడు అంతకుముందు వినలేదు. అయినా ఏమిటో తెలిసిపోయింది.

ఆయన గొడుగు మిషను మీద ఆనించి ఉంది. దాని ఊచ కొసన నీలం మిణుగురు ఒకటి వెలిగింది. పక్క మిషను సూది మీద ఇంకోటి. ఆ పక్కదాని మీద ఇంకోటి... ఇరవై మిషన్ల సూదులూ వరసగా వెలిగాయి.

రవిశంకర్ గారు తాను కింద పడేశారు. భయపడ్డా బుర్ర పనిచేసే మనిషి ఆయన.

"రేకుల మీద తీగ తెగి పడ్డట్టుంది. ఏదీ ముట్టుకోకు."

"ఊరంతా కరెంటు తీసేశారు కదండీ..."

ఆయన నా భుజం మీదుగా గోడ వైపు చూస్తున్నారు. టార్చి అటు తిప్పాను.

వెనక్కి తెప్పించిన సూట్లు పదకొండు గోడకి కొక్కేలకి తగిలించి ఉన్నాయి. ఖాళీ చేతులు కిందికి వేలాడుతూ ఉండాలి కదా. అవి లేస్తున్నాయి. దువ్విన జుట్టు దువ్వెన వెంట లేచినట్టు, మెల్లగా... నడుము దాకా... రొమ్ము దాకా... పదకొండు కుడి చేతులు. ఏదో పట్టుకోబోతున్నట్టు.

"టెంట్లోకి పద" అన్నారాయన గొంతు తగ్గించి. "పద, పద."

షెడ్డు మధ్యలో మా పరీక్ష టెంటు ఉంది. మనిషి నిలబడేంత ఎత్తు. పైనా కిందా నాలుగు పక్కలా అసలైన మూడు పొరల గుడ్డ, నేనే ప్రతి అడుగూ మీటరు పెట్టి చూసింది. ఫోను లోపల పెట్టి జిప్ వేస్తే ఇక అది మోగదు. కొనేవాళ్ళు వస్తే ఆయన ముందు చూపించేది అదే. "చీమంత సిగ్నల్ కూడా లోపలికి రాదండీ" అనేవారు. తీగ తెగి పడితే ఆ షెడ్డులో అంతకన్నా భద్రమైన చోటు లేదు. ఆయన అన్నది నిజమే.

ఆయన దూరారు. నేను వెనకే వెళ్ళాను. ఇంకో రెండడుగుల దూరం ఉంది.

"మేడంగారండీ..."

నా వెనక నుంచి. చెవి పక్క నుంచి. గొంతు పెద్దది కాదు. అదే సిగ్గు, అదే మెత్తదనం. మాటకీ మాటకీ మధ్య జుమ్మని చప్పుడు.

"మేడంగారండీ... ఇది... మంచిదేనాండి?"

తిరిగి చూడలేదు. చూడలేకపోయాను. మెడ వెనక వేడి తగులుతోంది, ఇస్త్రీపెట్టె దగ్గరికి తెచ్చినట్టు.

టెంట్లోంచి రవిశంకర్ గారు గుసగుసగా, "చెప్పు. మంచిదేనని చెప్పు. చెప్పి రా లోపలికి" అన్నారు. ఆయనకీ వినపడుతోందన్నమాట.

"మంచిదేనాండి...?"

నలభై నిమిషాలు అతను అడిగింది ఇదే.

"కాదు" అన్నాను. ఆ మాట నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "కాదు జీవన్. మంచిది కాదు. నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను."

జుమ్మనే చప్పుడు ఆగింది.

వాన ఒక్కటే. మెడ వెనక వేడి తగ్గింది. గోడ మీది చేతులు ఒక్కొక్కటే కిందికి వాలాయి. అయిపోయిందనుకున్నాను. దేవుడా, క్షమించాడనుకున్నాను. టెంట్లో జిప్ సర్రున మూసిన చప్పుడైంది. నన్ను బయట వదిలేసి ఆయన మూసుకున్నారు.

అప్పుడు లోపల ఫోను మోగింది.

ఆ టెంట్లో నాలుగేళ్ళలో ఒక్క ఫోనూ మోగలేదు.

ఒక రింగు. రెండు. మూడో రింగుకి ఆగింది. ఆయన ఎత్తారో, అదే ఎత్తుకుందో తెలియదు.

"ఎవరు...?"

తర్వాత ఆయన గొంతు, చిన్నపిల్లాడి గొంతులా...

"వద్దు... నేను తొడుక్కోను. వద్దు బాబూ... వద్దు..."

గుడ్డ గుడ్డకి రాసుకుంటున్న చప్పుడు. గుండీలు పడుతున్న చప్పుడు. టక్. టక్. టక్.

"కరుణా! జిప్ తియ్! అమ్మా కరుణా... లోపల్నుంచి రావట్లేదు, తియ్!"

జిప్ కొస నా చేతికి జానెడు దూరంలో ఉంది. మామూలు ప్లాస్టిక్ కొస. ముట్టుకుంటే ఏమీ కాదు, ఆ సంగతి నాకు తెలుసు.

ఇంతలో టెంటు కుట్లు వెలిగాయి. కుట్టు వెంట సూది దిగిన ప్రతి రంధ్రమూ ఒక నీలం చుక్క. కింద నుంచి పై దాకా, మూలల వెంట, వరసలు వరసలుగా. బయటి నుంచి ఏదీ లోపలికి రాకుండా మేము కుట్టిన గుడ్డ అది. లోపలున్నదాన్ని కూడా బయటికి పోనివ్వడం లేదు. అంతా లోపలే తిరుగుతోంది.

ఆయన ఇంకో రెండుసార్లు నా పేరు పిలిచారు. ఆ తర్వాత అరవలేదు. జుమ్మని ఒకటే చప్పుడు.

నేను నిలబడే ఉన్నాను. భయంతో చేతులు ఆడలేదని పోలీసులకి చెప్పాను. వాళ్ళు నమ్మారు. ఇవాళ మీకు చెబుతున్నాను, అది నిజం కాదు. నా చేతులు బాగానే ఆడుతున్నాయి. గోడ మీద బ్యాటరీ గడియారం ఉంది. దాని మీదికి టార్చి వేసి, ముల్లు వంక చూస్తూ నిలబడ్డాను. మూడూ ఇరవై నుంచి నాలుగు దాకా. నాలుగయ్యాక జిప్ తీశాను. మెత్తగా వచ్చేసింది.

లోపల ఆయన కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కాతో దూరిన మనిషి, మెడ దాకా గుండీలు పెట్టిన సూటులో ఉన్నారు. తల మీద ముసుగు. చేతి తొడుగులు చొక్కా చేతికి సరిగ్గా కలిపి, ఆ గుండీ కూడా పెట్టి ఉంది. కుడి అరచేయి నల్లగా మాడి, వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. గోడ వైపు టార్చి తిప్పాను. పదకొండు సూట్లూ కొక్కేల మీదే ఉన్నాయి.

తుపానుకి రేకుల మీద పిడుగు పడిందని రాసుకున్నారు. రేకుల మీద ఎక్కడా మచ్చ లేదు. ఆయన ఒంటి మీద సూటు ఎక్కడిదని ఎస్సై గారు అడిగారు. నాకు తెలియదన్నాను. జీవన్ కుమార్ సూటు సాక్ష్యం కింద సీలు వేసి స్టేషన్లో పెట్టారు కదా, దాన్ని చూద్దామని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

కాలవల్లో నీళ్ళు తగ్గగానే బాపట్లలో లిడియా అర్జీ పెట్టిన ఆఫీసుకెళ్ళి జరిగిందంతా, గుడ్డ సంగతి వరకూ, రాసిచ్చాను. ఉద్యోగం ఎలాగూ లేదు. కేసు నడుస్తోంది. నా పేరు కూడా అందులో ఉంది. శ్యామ్ అన్నం దగ్గర నా వంక చూడడం మానేశాడు. జీవన్ కుమార్ తప్పు లేదని కాగితం వచ్చిన రోజు రేపల్లె రైలెక్కి లిడియా ఇంటికెళ్ళాను. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. కాగితం చదువుకుని, మడిచి బైబిల్లో పెట్టుకుంది. మంచినీళ్ళిచ్చింది.

"నన్ను క్షమించవే" అన్నాను.

మిషను చక్రాన్ని చేత్తో ఆపింది.

"మా ఆయన్ని నేనేం అడగలేదక్కా. ప్రార్థనలో కూడా అడగలేదు. కానీ..." సూదిలోకి దారం ఎక్కిస్తూ అంది. "వద్దని కూడా అనలేదు. ఎవరెవర్ని పట్టుకోవాలో నేనూ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు."

తిరుగు రైల్లో ఆ మాటే మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాను. నిజం చెప్పాను కదా. చెప్పించుకునే జీవన్ నన్ను వదిలేశాడు కదా.

నిన్న మధ్యాహ్నం మా వంటింట్లో లైటు వెలగకపోతే ఏసుబాబుని పిలిపించాను. మా వీధిలో ముప్పై ఏళ్ళుగా కరెంటు పని చేసే పెద్దాయన. మెయిన్ ఆపేసి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, స్టూలెక్కాడు. బోర్డు విప్పి, ఒక్కో తీగకీ టెస్టరు ఆనించి చూశాడు. దాని పిడిలో ఉండే చిన్న బల్బు వెలగలేదు.

"ఎక్కడా లేదమ్మా. ఆ టార్చి ఇలా అందుకోండి."

అందించాను. ఆయన చేతిలోని టెస్టరు కొస నా మణికట్టుకి తగిలింది.

బల్బు వెలిగింది.

ఆయన ఒకసారి దాన్ని చూసుకున్నాడు. మళ్ళీ తీగకి పెట్టాడు. లేదు. ఇంకో తీగకి పెట్టాడు. లేదు. నా మొహం వంక చూస్తూ, మెల్లగా, కొసని మళ్ళీ నా చేతికి ఆనించాడు. ఎర్రగా, నిండుగా వెలిగింది. పట్టపగలు, ఆ వంటింట్లో.

ఏసుబాబు స్టూలు దిగాడు. గోడకి ఆనుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి, రబ్బరు చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని అప్పుడు అన్నాడు.

"అమ్మా... మీరు అక్కడే ఉండండి. ఎవరినీ ముట్టుకోకండి."

ఆ పొద్దున జడ వేస్తుంటే కెజియా మెడ ముడుచుకుని "చురుక్కుమంటోందమ్మా" అంది. కొత్త దువ్వెన కదా అనుకున్నాను.

బయట గేటు చప్పుడైంది. బడి వదిలినట్టున్నారు. పుస్తకాల సంచీ వరండాలో పడ్డ చప్పుడు. షూ కూడా విప్పకుండా, చేతులు రెండూ చాపుకుని, "అమ్మా" అంటూ పిల్ల పరుగెత్తుకొచ్చేసింది.